మెటలర్జీ సీటు తీసుకునే ముందు ఆ ల్యాబ్ చూసి రండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే మా ఇంట్లో మీ విద్యా పేజీ అందరికంటే ముందు నేనే చదువుతాను. ఈసారి బ్రాంచిల గురించి వచ్చిన కథనంలో కంప్యూటర్ సైన్స్‌కు, డేటా సైన్స్‌కు, ఏఐకి తలా ఒక పెద్ద పేరా ఇచ్చారు. లోహాల గురించి, ఇతర పదార్థాల గురించి చదివే మెటలర్జీ, మెటీరియల్స్ ఇంజినీరింగ్‌ను మాత్రం మరికొన్ని బ్రాంచిలతో కలిపేసి, ఆసక్తి ఉన్నవారు ఎంచుకోవచ్చని ఒక్క వాక్యంతో ముగించారు. ఆసక్తి ఉందో లేదో పిల్లలకు తెలియాలంటే, ఆ చదువులో ఏముంటుందో ముందు ఎవరో ఒకరు చెప్పాలి కదా. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, దయచేసి ఓపిగ్గా చదవండి.

మాది ఆర్మూర్. నేను మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో బీటెక్ చేశాను. ఇప్పుడు హైదరాబాద్ బాలానగర్‌లో ఒక మెటల్ టెస్టింగ్ ల్యాబ్‌లో ఇంజినీర్‌ని. చుట్టుపక్కల ఫౌండ్రీలు, ఫోర్జింగ్ షాపులు, లేత్ షెడ్ల నుంచి వచ్చే ముక్కల్ని పరీక్షించి రిపోర్టు ఇవ్వడం మా పని. వెబ్ ఆప్షన్ల రోజుల్లో బంధువుల నుంచి, మా ల్యాబ్‌కి వచ్చే షెడ్ల ఓనర్ల నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. మొన్న సూర్యాపేట నుంచి ఒకాయన చేశారు. "అమ్మా, మా పాపకు ఎంఎంఈ వస్తోంది. అసలు అదేంటి? తీసుకోమంటావా?" అని అడిగారు. ఆయనకు అంతకుముందు ఎవరో సలహా ఇచ్చారట: కాలేజీ మంచిది, సీటు తీసుకోండి, బ్రాంచి ఏదైతేనేం, చివరికి సాఫ్ట్‌వేరే కదా అని.

ఈ సలహా వింటే నాకు బాధేస్తుంది. ర్యాంకును బట్టి ఈ బ్రాంచికి రావడంలో తప్పేం లేదు. మా క్లాసులో చాలామందిమి అలాగే వచ్చాం. కానీ పదిహేడేళ్ల అమ్మాయికి నాలుగేళ్ల చదువు చేతిలో పెట్టి, "ఇది నీది కాదు, దాటుకుని పోయే దారి మాత్రమే" అని మొదటి రోజే చెప్పేస్తే, ఆమె ఏ పుస్తకాన్ని మనసు పెట్టి తెరుస్తుంది?

అందుకని ఆ తండ్రికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈఎన్-8 అనే మామూలు స్టీలు రాడ్డు ఒకటి తీసుకోండి. బాలానగర్‌లో ఏ లేత్ షెడ్డుకి వెళ్లినా దొరుకుతుంది. అందులో కార్బన్ నూటికి 0.4 పాళ్ల దాకా ఉంటుంది. దాన్ని మూడు ముక్కలు కోసి, మూడింటినీ ఫర్నేస్‌లో 850 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచాలి. తర్వాత ఒక ముక్కను ఫర్నేస్‌లోనే వదిలేసి స్విచ్ ఆపేయాలి. రెండోదాన్ని బయటికి తీసి గాలికి పెట్టాలి. మూడోదాన్ని నీళ్లలో ముంచాలి. చల్లారాక మూడింటి మీదా ఆకురాయి పెట్టి రాయండి. మొదటిది మెత్తగా అరుగుతుంది. రెండోది కొంచెం మొరాయిస్తుంది. మూడోదాని మీద ఆకురాయి పట్టదు, జారిపోతుంది. సుత్తితో గట్టిగా కొడితే ఆ మూడోది పగిలినా పగలొచ్చు. ఒకే రాడ్డు, అదే ఇనుము, అదే కార్బన్. చల్లారిన వేగం ఒక్కటే తేడా.

ఎందుకిలా జరిగింది అనే ప్రశ్నే ఈ చదువుకు మొదలు. ఇనుము వేడెక్కినప్పుడు లోపల అణువుల అమరిక మారుతుంది, కార్బన్ అందులో కలిసిపోతుంది. నిదానంగా చల్లారితే, 727 డిగ్రీలు దాటి కిందికి వచ్చేటప్పుడు ఆ కార్బన్‌కు బయటికి వచ్చి వేరే పొరలుగా సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. నీళ్లలో ముంచితే ఆ వ్యవధి ఉండదు. కార్బన్ ఎక్కడిదక్కడ ఇరుక్కుపోయి, చుట్టూ ఉన్న ఇనుప అణువుల వరసను లాగి పట్టేస్తుంది. దాన్నే మార్టెన్‌సైట్ అంటారు. దానికంత గట్టిదనం, అంత పెళుసుదనం అక్కడి నుంచే వస్తాయి. దాన్ని మళ్లీ కొద్దిగా వేడి చేసి ఆ పెళుసుదనం తగ్గించడం టెంపరింగ్. గేరు పన్ను, స్ప్రింగు, రంపం, బేరింగు, వీటన్నిటి వెనకా ఈ లెక్కే ఉంది. రెండో ఏడాదిలో, ఎంత కార్బన్ ఉంటే ఏ వేడి దగ్గర ఇనుము లోపలి అమరిక ఎలా ఉంటుందో చూపే ఐరన్-కార్బన్ డయాగ్రం చెప్పేటప్పుడు పిల్లలు దాన్ని పరీక్ష కోసం బట్టీ పడతారు. ఆ మూడు ముక్కల్నీ సొంత చేత్తో చేసిన పిల్లకు బట్టీ పట్టే పనే ఉండదు.

పుస్తకంలో లేనిది ఇంకొకటి చెబుతాను. లోహం లోపల ఏముందో మైక్రోస్కోపులో చూడాలంటే ముందు ముక్కను అద్దంలా పాలిష్ చేయాలి. ముతక ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి నున్నటి పేపర్ల దాకా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవాలి. పేపర్ మార్చిన ప్రతిసారీ ముక్కను అడ్డంగా తిప్పి, పాత గీతలన్నీ పోయేదాకా ఒకే దిశలో రుద్దాలి. మధ్యలో ముక్కనూ చేతుల్నీ కడుక్కోకపోతే ముతక రజను ఒక్కటి అంటుకుని వచ్చినా చాలు, కొత్త గీత పడుతుంది, మళ్లీ వెనక్కి వెళ్లాలి. ఆ తర్వాత తిరిగే చక్రం మీద మెత్తటి గుడ్డ, దాని మీద అల్యూమినా పొడి కలిపిన నీళ్లు. మన ముఖం కనిపించేంత మెరుపు వచ్చాక నైటాల్‌తో తుడవాలి. నైటాల్ అంటే ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ యాసిడ్. కొన్ని సెకన్లలో ఆ మెరుపు మసకబారుతుంది. ఆ మసక మొదలవగానే కడిగి ఆరబెట్టాలి. ఆలస్యమైతే ముక్క నల్లబడిపోతుంది, మళ్లీ పాలిష్ దగ్గరికి పోవాల్సిందే. అన్నీ సరిగ్గా కుదిరితే మైక్రోస్కోపులో తెల్లటి గింజలు, వాటి మధ్య సన్నటి గీతలు, పక్కన నల్లటి మచ్చలు కనిపిస్తాయి. తెల్లవి ఫెర్రైట్, అంటే దాదాపు కార్బన్ లేని ఇనుము. నల్లవి పియర్‌లైట్, అంటే ఇందాక చెప్పిన పొరలుగా సర్దుకున్న భాగం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హెన్రీ సార్బీ అనే ఆయన 1860ల్లో మొదటిసారి ఇలా చూసిన తర్వాతే లోహానికి ఇలాంటి లోపలి రూపం ఒకటుందని లోకానికి తెలిసింది.

ఇది నాకు నేర్పింది ప్రొఫెసర్లు కాదు, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక ల్యాబ్ అసిస్టెంట్ గారు. మా కాలేజీలో ఫర్నేస్ చాలాకాలం రిపేరులోనే ఉండేది. రికార్డుల్లో మాత్రం ప్రయోగాలన్నీ అయిపోయేవి. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దించుకోమనేవారు. ఆయన ఒక్కరే సాయంత్రం ల్యాబ్ తాళం తీసి మమ్మల్ని కూర్చోబెట్టేవారు. "కంటితో చూస్తే రాదమ్మా, చేతికి తెలియాలి" అంటూ నా ముక్కను వెలుతురులో తిప్పి, ఇంకా మిగిలి ఉన్న గీతను గోటితో చూపించేవారు. ఈరోజు నా ఉద్యోగం ఆయన నేర్పిన పని మీదే నడుస్తోంది. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులో ఎవరినీ వేయలేదని జూనియర్లు చెప్పారు.

మెటీరియల్స్ అంటే ఇనుము ఒక్కటే అనుకోకండి. అల్యూమినియం కథ వినండి. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ రాగి కలిపిన అల్యూమినియాన్ని వేడి చేసి, నీళ్లలో చల్లార్చి చూస్తే పెద్దగా గట్టిపడలేదు. కొన్ని రోజులు ఆగి కొలిస్తే అదే ముక్క చాలా గట్టిగా ఉంది. ఎవరూ ముట్టుకోకుండానే, గది వేడిలో ఊరికే కూర్చుని గట్టిపడింది. అదే తర్వాత డ్యూరాల్యుమిన్ పేరుతో విమానాల్లోకి వెళ్లింది. దాని లోపల ఏం జరుగుతోందో 1938లో ఫ్రాన్స్‌లో గినియే, ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ విడివిడిగా ఎక్స్‌రేలతో కనిపెట్టారు. రాగి అణువులు అతి చిన్న గుంపులుగా చేరి లోహం సాగకుండా అడ్డుపడుతున్నాయట. ఈ పాఠం మా మేడం చెప్పిన రోజు క్లాసయ్యాక కూడా మేం బెంచీల్లోంచి లేవలేదు.

మన హైదరాబాద్‌లోనే జరిగినది ఇంకొకటి. అబ్దుల్ కలాం గారు ఇక్కడి రక్షణ ప్రయోగశాలలో ఉన్నప్పుడు, అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి కాంపోజిట్‌ను (రెండు మూడు పదార్థాలు కలిపి చేసినదాన్ని) నిమ్స్ నుంచి వచ్చిన ఎముకల డాక్టర్ ఒకాయన చేత్తో ఎత్తి చూశారు. ఎంత తేలిగ్గా ఉందో చూసి, కలాం గారిని ఆసుపత్రికి తీసుకెళ్లి పోలియో పిల్లల్ని చూపించారు. వాళ్ల కాళ్లకు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఉన్నాయి. కొద్ది వారాల్లోనే ఆ పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. కలాం గారు ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పేవారు. పిల్ల నడక తీరు మార్చింది పదార్థం. ఈ బ్రాంచిలో చేసేది అదే. ఏ పనికి ఏ పదార్థం సరిపోతుంది, సరిపోకపోతే దాన్ని ఎలా మార్చాలి అన్నది నేర్చుకోవడం.

కంప్యూటర్ అంటే ఇష్టమున్న పిల్లలు కూడా దీన్ని చూసి భయపడక్కర్లేదు. కొత్త మిశ్రమ లోహాన్ని కరిగించక ముందే దాని లోపల ఏ అమరికలు (ఫేజ్‌లు) ఏర్పడతాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి, అణువుల స్థాయిలో సిమ్యులేషన్లు చేసేవాళ్లున్నారు. థర్మోడైనమిక్స్, డిఫ్యూజన్ పాఠాల్లో లెక్కలు గట్టిగానే ఉంటాయి. లెక్కలు తప్పించుకోవచ్చని వచ్చేవాళ్లకు మాత్రం ఇది సరైన చోటు కాదు.

ఇక నా పని సంగతి. నల్గొండ వైపు నుంచి ఒక రైస్ మిల్లు ఓనర్ విరిగిన షాఫ్ట్ పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. మార్చిన షాఫ్టల్లా కొన్ని నెలలకే విరుగుతోందని, స్టీలు అమ్మినవాడు మోసం చేశాడని ఆయన కోపం. కేసు వేస్తాను, మెటీరియల్ నాసిరకం అని రిపోర్టు రాసివ్వండి అన్నారు. కంపోజిషన్ చూస్తే తేడా ఏమీ లేదు, సరైన ఈఎన్-8. హార్డ్‌నెస్ కూడా సరిగ్గానే ఉంది. విరిగిన ముఖాన్ని శుభ్రం చేసి లెన్స్ కింద పెట్టాను. చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ ఒడ్డున గీతలు మిగులుతాయే, అలా వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ఆ గీతలన్నీ కీవే (షాఫ్ట్‌కు చక్రాన్ని బిగించే కీ కూర్చునే గాడి) మూల దగ్గర ఒకే చోటు నుంచి మొదలయ్యాయి. చివర్లో గరుకుగా ఉన్న చిన్న భాగమే ఒక్కసారిగా తెగింది, మిగతాదంతా రోజూ కొంచెం కొంచెంగా పగులుతూ వచ్చింది. దీన్ని ఫెటీగ్ అంటాం. కీవేను మిల్లింగ్ చేసినవాళ్లు లోపలి మూలను కత్తి అంచులా వదిలేశారు. షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ ఒత్తిడంతా ఆ మూల మీదే పడింది. మూలకు చిన్న రేడియస్ ఇచ్చి, అంటే కొంచెం గుండ్రంగా తిప్పి చేయించుకోండని డ్రాయింగ్ గీసిచ్చాను. ఆయన మొదట నమ్మలేదు. లెన్స్ ఆయన చేతికే ఇచ్చి, గీతలు ఎక్కడ మొదలయ్యాయో ఆయన్నే చూసుకోమన్నాను. చూశాక కాసేపు మాట్లాడలేదు. కేసు మాట మళ్లీ ఎత్తలేదు. తర్వాత రేడియస్‌తో చేయించిన షాఫ్ట్ నడుస్తోందని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. తప్పు లేని వ్యాపారి కోర్టు మెట్లెక్కకుండా ఆగడం నాకు జీతం కన్నా పెద్ద సంతోషం ఇచ్చింది.

జీతం అన్నాను కాబట్టి ఆ సంగతీ దాచకుండా చెప్పాలి. మొదట్లో నా జీతం సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిన నా క్లాస్‌మేట్ల జీతం కంటే బాగా తక్కువ. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో "ఫర్నేస్ దగ్గర అమ్మాయిలకేం పని, నైట్ షిఫ్టులుంటాయి" అని ముఖం మీదే అన్నారు. ఈ మాట అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గేట్ రాసి ప్రభుత్వ రంగ సంస్థల్లోకి వెళ్లినవాళ్లు, ఎంటెక్, పీహెచ్‌డీ చేసినవాళ్లు బాగున్నారు. కానీ కోర్స్ అయిన వెంటనే పెద్ద ప్యాకేజీ కావాలనుకునేవాళ్లకు ఈ దారి నిదానంగా అనిపిస్తుంది. ఇంట్లో అప్పులున్న పిల్లలకు అది చిన్న విషయం కాదు. వాళ్లు వేరే దారి పట్టారని నేను ఎన్నడూ తప్పు పట్టను.

నా కోపం ల్యాబులు మూతపడుతుండటం మీదే. అన్ని కాలేజీల్లోనూ ఇలా ఉందని అనను, బాగా నడిపేవాళ్లున్నారు. కానీ మా ల్యాబ్‌కి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే థర్డ్ ఇయర్ పిల్లల్లో చాలామంది అప్పటివరకు ఒక్క ముక్క కూడా సొంతంగా పాలిష్ చేసి ఉండరు. మార్కులు బాగానే ఉంటాయి. స్టీలు ఎంత లోతు దాకా గట్టిపడుతుందో చూసే జామినీ టెస్ట్ గురించి అడిగితే 25 మిల్లీమీటర్ల రాడ్డు, ఒక చివర నీటి ధార, అని చక్కగా అప్పజెబుతారు. ఎప్పుడైనా చేశారా అంటే తల వంచుకుంటారు. తప్పు వాళ్లది కాదు. ఎమరీ పేపర్లకు ఇండెంట్ పెడితే నెలల తరబడి రావు. ఫర్నేస్ కాయిల్ కాలిపోతే మార్చే దిక్కు లేదు. తనిఖీ బృందం వచ్చే వారంలో గోడలకు రంగులేసి, మిషన్లు తుడిచి, కొత్త చార్టులు కడతారు. వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ తాళం. కంప్యూటర్ ల్యాబ్‌లో సిస్టమ్‌లు పనిచేయకపోతే తల్లిదండ్రులు గొడవ చేస్తారు. ఫర్నేస్ పనిచేయట్లేదని ఇంతవరకు ఏ తండ్రీ ప్రిన్సిపాల్ గదికి వెళ్లి అడగలేదు, ఎందుకంటే అడగాలని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

ఇదంతా ఎలాంటి నగరంలో జరుగుతోందో చూడండి. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్ ఉంది, ప్రత్యేక లోహాలు చేసే ప్రభుత్వ సంస్థ మిధాని ఉంది. రాకెట్లకు, అణు రియాక్టర్లకు కావాల్సిన టైటానియం, ప్రత్యేక స్టీళ్లు అక్కడ తయారవుతాయి. అణు ఇంధన సంస్థ ఎన్‌ఎఫ్‌సీలో రియాక్టర్ ఇంధనానికి జిర్కోనియం ట్యూబులు చేస్తారు. బాలాపూర్‌లో కొత్త పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. విశాఖలో స్టీల్ ప్లాంటు సంగతి చెప్పక్కర్లేదు. ఇంకా వెనక్కి వెళ్తే, మా ఊరికి దగ్గర్లోని కోనసముద్రంలో మట్టి మూసల్లో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయిసీ అనే ఆయన అక్కడి పని కళ్లారా చూసి రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. ఇంత పని తెలిసిన నేల మీద మెటలర్జీ చదివే పిల్లలు సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దించుకుంటున్నారు.

సూర్యాపేట ఆయనకు నేను తీసుకోమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. పాపను వెంటబెట్టుకుని ఒకసారి కాలేజీకి వెళ్లమన్నాను. ప్లేస్‌మెంట్ ఆఫీసుకు తర్వాత వెళ్లొచ్చు, ముందు డిపార్ట్‌మెంట్ ల్యాబులు చూడమన్నాను. ఫర్నేస్ చివరిసారి ఎప్పుడు వెలిగించారో అడగండి. మైక్రోస్కోపుల్లో ఎన్ని పనిచేస్తున్నాయో, ఒక్కో దాని దగ్గర ఎంతమంది కూర్చుంటారో చూడండి. పాలిషింగ్ చక్రం మీద గుడ్డ తడిగా ఉందా, దుమ్ము పట్టి ఉందా గమనించండి. సెకండియర్ పిల్లను ఎవరినైనా పట్టుకుని, నువ్వు సొంతంగా చేసిన ముక్క ఏదైనా ఉంటే మా పాపకు చూపించమ్మా అనండి. ఆ పిల్ల పరుగెత్తుకెళ్లి డ్రాయర్‌లోంచి ముక్క తీసుకొస్తే ధైర్యంగా ఆప్షన్ పెట్టుకోండి. మొహమొహాలు చూసుకుంటే ఇంకో కాలేజీ వెతుక్కోండి.

విశ్వవిద్యాలయాల అధికారులకు నా విన్నపం: ల్యాబ్ అసిస్టెంట్ పోస్టుల్ని ఖాళీగా వదిలేయకండి. ఎమరీ పేపర్లకు, యాసిడ్‌కు, కాయిల్స్‌కు అయ్యే ఖర్చు డిపార్ట్‌మెంట్ స్థాయిలోనే చేసుకునే వీలివ్వండి, ప్రతి చిన్నదానికీ ఫైలు పైకి పంపే పద్ధతి తీసేయండి. మాలాంటి టెస్టింగ్ ల్యాబులు, హీట్ ట్రీట్‌మెంట్ షాపులు బాలానగర్‌లో, జీడిమెట్లలో చాలానే ఉన్నాయి. పద్ధతి ప్రకారం అడిగితే పిల్లల్ని వారానికో పూట రానివ్వడానికి మా ఓనర్ సిద్ధంగా ఉన్నారు, నేను ముందే అడిగి పెట్టాను.

మీకు నా విన్నపం: వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేలోపు మీ విద్యా విలేకరిని రెండు మూడు కాలేజీల మెటలర్జీ ల్యాబులకు పంపి, అక్కడ ఏం కనిపిస్తే అది రాయించండి. ల్యాబ్ నడుస్తుంటే నడుస్తోందని రాయండి, తాళం ఉంటే తాళం ఉందని రాయండి.

ఇట్లు,
మెటల్ టెస్టింగ్ ల్యాబ్ ఇంజినీర్,
బాలానగర్, హైదరాబాద్